మా కొట్టు ముందరి మెట్టు

పోయిన కార్తీకంలో మా కొట్టుకు ముగ్గురు కుర్రవాళ్ళు వచ్చారు. నరసరావుపేటలో నాది స్టీలు సామాన్ల కొట్టు. టోపీలు పెట్టుకుని, వీపుకు సంచులు తగిలించుకుని వచ్చినవాళ్ళను చూసి ఏ హాస్టలుకో పళ్ళేలు కావాలేమో అనుకుని, చెప్పబోయే ధరను మనసులో కాస్త పెంచి కూడా పెట్టుకున్నాను. వాళ్ళకు పళ్ళేలు అక్కర్లేదు. ఆదివారాలు జనాన్ని పోగుచేసి పల్నాటి పల్లెల్లో పాత రాళ్ళూ, దిబ్బలూ, చెరువు కట్టలూ చూపిస్తూ నడిపిస్తారట. అలా నడవడానికి జనం వాళ్ళకు ఎదురు డబ్బు కడతారట. మా పెదనాన్న ఈ నడకే నడిచి జీవితమంతా పిచ్చివాడనిపించుకున్నాడు. "మీ పెదనాన్నగారు తిరిగిన దారుల్లో ఒకటి ఈ వారం పెట్టుకున్నాం మేడమ్, మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నేను ఊరికే ఒప్పుకునే రకం కాదు. ఇంటి దగ్గరికి బండి పంపాలన్నాను, ముందు సీటు నాకే అన్నాను, వాళ్ళ నెత్తిన ఉన్న టోపీ ఒకటి నాకూ కావాలన్నాను. అన్నిటికీ తలూపారు. బేరం బాగా కుదిరిందని సంతోషపడుతూ చివర్లో ఏ దారి అని అడిగాను. గురజాల నుంచి ఏరు దాటి వెళ్ళే దారి అన్నారు. ఆ మాట వినగానే టోపీ వద్దూ ఏమీ వద్దూ అని చెప్పేయాలనిపించింది. అప్పటికే సరేనని ఉన్నాను. మా వంశంలో కుదిరిన బేరం నుంచి వెనక్కి పోయినవాళ్ళు లేరు.

నా చిన్నతనం గురజాల బజారులో, మా కిరాణా కొట్టు వెనక ఉన్న ఇంట్లో గడిచింది. కొట్టుకీ ఇంటికీ మధ్య తలుపు ఒక్కటే కాబట్టి మాకు వేరే ఇంటి వాసనంటూ ఉండేది కాదు. గోతాల్లో ఎండుమిరపకాయల ఘాటు, చింతపండు పులుపు, డబ్బాలో కిరసనాయిలు, సాయంత్రం నాన్న వేసే సాంబ్రాణి, అన్నీ కలిసిన గాలి పీల్చుకునే నేను పందొమ్మిదివందల ఎనభైల్లోకి వచ్చాను, పావడాల నుంచి ఓణీల్లోకి వచ్చాను. తెల్లవారుతూనే అమ్మ కొట్టు ముందరి రాతి మెట్టును కడిగేది. కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చిన్న ముగ్గు గీసేది. అది అయ్యేదాకా ఎవరూ తొక్కకూడదు. అయ్యాక ఊరంతా తొక్కవచ్చు. ఆ మెట్టు ఎక్కిన మొదటి మనిషి ఏదో ఒకటి కొనకుండా దిగితే నాన్నకు ఆ రోజంతా చిరాకే. కాబట్టి పొద్దున్నే వచ్చినవాళ్ళు అడిగిన ధరకు నాన్న వెంటనే దిగివచ్చేవాడు. ఆ రహస్యం తెలిసిన గయ్యాళులు ఇద్దరు రోజూ పోటీపడి వచ్చేవాళ్ళు.

మా పెదనాన్న, అంటే నాన్నకు అన్న, ఒకప్పుడు గల్లా దగ్గర కూర్చున్నవాడే. పెద్దమ్మ పోయాక ఆ కుర్చీ తమ్ముడికి వదిలేసి రాళ్ళ వెంట పడ్డాడు. మా పల్నాడులో రాయికి కొదవేముంది. ఇంటి గోడ నాపరాయి, కప్పు నాపరాయి, చేను చుట్టూ కంచె కూడా నిలబెట్టిన నాపరాళ్ళే. పెదనాన్నకు కావలసినవి అవి కావు. ఎప్పుడో యుద్ధాల్లో చచ్చిపోయినవాళ్ళకు నిలబెట్టిన రాళ్ళు. గుర్రం, కత్తి, పైన సూర్యుడూ చంద్రుడూ చెక్కి ఉండే వీరగల్లులు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూయగానే గొడుగు, మంచినీళ్ళ సీసా, సుద్దముక్క తీసుకుని బయల్దేరేవాడు. బజారు ఆయనకు రాళ్ళ సాంబయ్య అని పేరు పెట్టింది. ఆయనతో నన్ను పంపింది నాన్న. "దారిలో ఎవురేదడిగినా ఇచ్చేస్తాడు మీ పెదనాన్న. నువ్వు పక్కనుండి ఆపు" అన్నాడు. అలా నేను కాపలాదారుగా ఆ నడకల్లోకి వెళ్ళాను. స్నేహితురాళ్ళు చూస్తారని బజారు దాటేదాకా ఆయనకు చానా వెనకగా, ఎవరి పిల్లో అన్నట్టు నడిచేదాన్ని.

ఊరు దాటితే నల్లరేగడి. దాని తరవాత రాతి నేల, తంగేడు, తుమ్మ, గుట్టల మీద సీతాఫలం పొదలు. హవాయి చెప్పుల్లోంచి పల్లేరుకాయలు గుచ్చుకుంటుంటే తిట్టుకుంటూ నడిచేదాన్ని. పెదనాన్న మాత్రం ఎవరింటికో పెళ్ళికి పోతున్నట్టు నడిచేవాడు. ఒక మిట్ట చూపించి ఇక్కడ ఊరుండేది అనేవాడు. చేలో దొరికిన ఎర్ర పెంకు తుడిచి నా చేతిలో పెట్టి, ఇది ఎవరి ఇంటి కుండో అనేవాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఎవురన్నా కొంటారా పెదనాన్నా" అని అడిగేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. "కొనరు. నువ్వే దాచుకో" అనేవాడు. ఆయన అటు తిరగ్గానే పారేసేదాన్ని.

ఏరు దాటాక వచ్చే పల్లెలో, ఒక జొన్నచేను గట్టున సగం విరిగిన వీరగల్లు ఉండేది. పైసగం మాత్రమే. శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్న మనిషి, పైన సూర్యచంద్రులు. ఆ చేను కోటమ్మది. అప్పటికే ముసలామె, మా కొట్టులో సరుకు కొనే మనిషే. ఏటా కార్తీకంలో ఆ రాయి దగ్గర పొంగలి పెట్టేది. తమ వంశంలో మొదటివాడని వాళ్ళ నమ్మకం. పేరు మాత్రం తెలియదు. విరిగిపోయిన కిందిసగంలో, యుద్ధం బొమ్మ కింద, పేరు చెక్కి ఉండేదని ఆమె అత్త చెప్పిందట. "చానా తప్పుగా ఉండిద్దయ్యా" అంది ఒకసారి పెదనాన్నతో. "ఇంటికొచ్చిన చుట్టాన్ని గూడా పేరు పెట్టి పిలుస్తాం. వీడికి కూడు పెట్టి, ఒరే అబ్బాయ్ తినరా అంటన్నా. నేను పోయేలోపు ఆ పేరు తెలిస్తే ఒక్కసారన్నా పిలుస్తా." పెదనాన్న ఆమెకు మాట ఇచ్చాడు. వెతికి పెడతానన్నాడు. ఊరికే ఇచ్చిన ఆ మాటకు నా ఆదివారాలన్నీ పోయాయి.

వెతకడానికి ఆయన ఒక ఉపాయం చేశాడు. పొట్లాలు కట్టే పాత పేపర్లు అతికించి, ఆ రాయి విరిగిన అంచు మీద పరిచి, దర్జీ కత్తిరించినట్టు ఆ వంపులన్నీ కత్తిరించుకున్నాడు. ఏ రాయి మీద అనుమానం వచ్చినా ఆ కాగితం పెట్టి చూడాలి. కష్టమంతా అనుమానించాల్సిన రాళ్ళ దగ్గరే ఉంది. మా వైపు ఎవరికి బండ అవసరమైనా బండి కట్టుకుపోయి చేలో దొరికింది తెచ్చుకుంటారు. దాని మీద బొమ్మలుంటే ఎగుడుదిగుడు కాబట్టి బొమ్మలు కిందికి, నున్నటి వీపు పైకి వచ్చేలా వేసుకుంటారు. అంచేత పల్నాటి వీరుల్లో సగంమంది చాకిరేవుల్లోనూ, బావి గట్ల మీదా, పశువుల కొట్టాల్లోనూ బోర్లా పడుకుని ఉన్నారని పెదనాన్న అనేవాడు. వాళ్ళను తిప్పి చూడాలంటే ఇంటివాళ్ళను ఒప్పించాలి. అది ఆయన వల్ల కాదు. అక్కడ నేను పనికొచ్చాను.

"ఏమే, రాళ్ళ సాంబయ్య కూతురివా?" అని అడిగింది ఒక ఇల్లాలు, గుడ్డలుతికే బండ మీద నుంచి లేవకుండానే.

"తమ్ముడి కూతుర్ని పిన్నీ. ఈ బండ ఒక్కసారి తిరగేసి చూసి, మళ్ళీ ఎట్టున్నదాన్ని అట్టా పెడతాం."

"కిందేముంటదే? కప్పుంటది."

"కప్పుంటే నీకే ఇస్తాం."

"ఊరికే తిప్పనిస్తానా? నడుం పట్టుకునేది మా ఆయనకి."

"ఒక టీ పొట్లం ఇస్తా."

"రెండియ్యి."

"ఒక పొట్లం, ఒక అగ్గిపెట్టె. మా కొట్లో ఇంకెవురికీ ఇట్టా ఇవ్వం."

ఆ బండ కింద నిజంగానే కప్ప ఉంది. ఇల్లాలు ఆ టీ పొట్లంతో అప్పటికప్పుడే టీ పెట్టి మాకూ ఇచ్చింది. అలా ఎన్ని బండలు తిప్పామో. పెదనాన్న ప్రతిచోటా ఆ కాగితం పరిచి, సరిపోక, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకునేవాడు. కార్తీకం రాగానే కోటమ్మ కొట్టుకు వచ్చి, మెట్టు మీద నిలబడి, పొంగలికి బెల్లమూ పెసరపప్పూ కట్టించుకుంటూ, "ఏమయ్యా, దొరికాడా మావోడు?" అని లోపలికి కేకేసేది. పెదనాన్న బయటికి వచ్చి లేదని తలూపేవాడు.

నేను పదో తరగతిలో ఉండగా బజారుకు మురుక్కాలవ తవ్వడం మొదలైంది. కొట్ల ముందు మెట్లన్నీ తీసేయమన్నారు. పని చేయించే మేస్త్రీతో నాన్న రోజంతా బేరమాడాడు. మెట్టు లేకపోతే గిరాకీ కొట్టులోకి ఎలా ఎక్కుతుందన్నాడు, పొరుగు కొట్టు నుంచి మొదలెట్టమన్నాడు, కాలవనే కాస్త వంకర తిప్పమన్నాడు. చివరికి పండగ అయ్యాక తీస్తానన్నాడు. మేస్త్రీ వినలేదు. కూలీలు గునపాలు పెట్టి మెట్టును లేపి వెల్లకిలా పడేశారు. కింద నల్లటి తడిమట్టి, వానపాములు, ఏళ్ళ తరబడి ఊరిన కుళ్ళు వాసన. పెదనాన్న అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసు పక్కన పెట్టి లేచాడు. బిందె తెచ్చి నీళ్ళు గుమ్మరించాడు. మట్టి జారిపోతుంటే ముందు గుర్రం కాలు కనపడింది, తరవాత గుర్రం, దాని మీద కత్తి ఎత్తిన మనిషి. ఆయన లోపలికి వెళ్ళి ఆ పేపరు తెచ్చి పరిచాడు. అంచు మీద ఒక్క వంపు కూడా తేడా లేకుండా కూర్చుంది. ప్రతి ఆదివారం ఆయన ఆ రాయి మీదే అడుగు పెట్టి, దాన్ని వెతకడానికి బయల్దేరేవాడన్నమాట.

నేను చప్పట్లు కొట్టబోయాను. పెదనాన్న ముఖం చూసి ఆగాను. ఆయన రాయి కింది అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తడుముతున్నాడు. అక్కడ అక్షరాలు ఉండాలి. ఉన్నాయి కూడా, తలకట్లు మాత్రం. వరసగా చిన్న చిన్న తలకట్లు. వాటి కింద అక్షరం లేదు, రాయే లేదు. ఉలితో తిన్నగా కొట్టేశారు.

ఎదురు కొట్టు మస్తానయ్య తాత ఆ గుంపులోంచి ముందుకు వచ్చాడు. మా తాత ఈడువాడు. "అది మీ నాయన కొట్టించాడు సాంబయ్యా" అన్నాడు. "మెట్టు రోడ్డు మీదికి పొడుగొస్తందని దగ్గరుండి కొట్టించాడు. నేనీడనే ఉన్నా. దీని మీద అక్షరాలున్నయ్యని రాయి కొట్టేవోడు చెప్పాడు గూడా. కిందికి పోయేదానికి అక్షరాలెందుకురా, కొట్టు అన్నాడు మీ నాయన. ఆ ముక్క అప్పుడే కంకరై పునాదిలో కలిసిపోయింది."

బజారంతా మా కొట్టు వైపు చూస్తోంది. లోపల గోడ మీద దండ వేసిన ఫోటోలోంచి మా తాత కూడా చూస్తున్నాడు. ఆయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. కత్తి పట్టింది బెల్లం అచ్చు కొట్టడానికేననీ, బజారులో గొడవ అనే మాట వినపడితే చాలు అందరికన్నా ముందు పడేది మా కొట్టు తలుపేననీ ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. రాయి మీద గోతం కప్పేద్దామన్నాడు నాన్న. పెదనాన్న ఒప్పుకోలేదు. అప్పటికే కోటమ్మకు కబురు పంపేశాడు.

ఆమె కొడుకుతో బండి మీద వచ్చింది. వస్తూ పొంగలి సామాను కూడా తెచ్చుకుంది, పేరు తెలుస్తుందన్న సంతోషంలో అక్కడే పొయ్యి పెట్టేటట్టు. రాయి ముందు కూర్చుని కొంగుతో గుర్రం ముఖం తుడిచింది. ఆ మనిషి ముఖం తుడిచింది. "ఏడుందయ్యా పేరు?" అంది. పెదనాన్న ఆమె వేలు పట్టుకుని తలకట్ల మీద పెట్టాడు. జరిగింది చెప్పాడు, ఏమీ దాచకుండా. ఆమె వేలు తీయలేదు.

"ఎన్నిసార్లెక్కానో ఈ మెట్టు" అంది చివరికి. "వీడి పొంగలికి బెల్లం కొనటానికి వీణ్ణే తొక్కి ఎక్కా."

నాన్న ముందుకు వచ్చాడు. పాపం, ఆయనకు తెలిసిన విద్య ఒక్కటే. "అమ్మా, దుర్గి శిల్పుల కాడ నించి కొత్త రాయి తెప్పిస్తా. గుర్రం, కత్తి, అన్నీ ఇట్టాగే చెక్కిస్తా. నీకు నచ్చిన పేరు రాయిస్తా."

"నచ్చిన పేరు పెట్టటానికి వాడేమన్నా నా కడుపున పుట్టాడా? మా ముత్తాతల ముత్తాత."

"పోనీ, ఏటా పొంగలి సామానంతా మా కొట్టు నించే పంపిస్తా. నువ్వు ఉన్నన్నాళ్ళూ. నీ తరవాత గూడా."

ఆమె నాన్న వంక చూడనే లేదు. "కొట్టించిన ఆయన పేరేంది?" అని అడిగింది.

"పోయినోళ్ళ పేర్లెందుకులే అమ్మా ఇప్పుడు."

"పున్నయ్య" అన్నాడు పెదనాన్న.

"ఆఁ. ఒక పేరన్నా ఉందిగా" అంది కోటమ్మ. "ఇకనించి ఏటా పొంగలి పెట్టి ఇదే చెప్తా. నాయనా, నీ పేరు మాకు తెలవదు, దాన్ని చెరిపినోడు గురజాల పున్నయ్య, వాడి సంగతి నువ్వే చూసుకో అని."

నాన్న ఆమె చేతులు పట్టుకోబోయాడు. ఇంకేమైనా అడగమన్నాడు, ఆ ఒక్కటీ వద్దన్నాడు. ఎంత గట్టి గిరాకీనైనా చివర్లో దింపగల మనిషి, ఆ రోజు బజారు మధ్యలో ఒక్కొక్క మెట్టే తనే దిగుతూ పోవడం చూశాను. కొనేవాళ్ళు లేని చోట ఎంత తగ్గించినా ఏం లాభం. ఆమె సామాను మూట కట్టుకుని లేచింది. రాయిని మా ఖర్చు మీద మా బండిలోనే ఆమె చేనికి పంపాం. పెదనాన్న బండెక్కకుండా దాని వెనకే నడిచాడు. నేనూ వెళ్ళాను. ఆ నడకలో ఆయన దేన్నీ చూపించలేదు. ఆ తరవాత ఆదివారాలు మళ్ళీ నడవనే లేదు. కొట్టు ముందు సిమెంటు మెట్టు వచ్చింది. అమ్మ దానికీ పసుపు పూసింది, కానీ పూసేటప్పుడు అటూ ఇటూ చూసుకుని గబగబా ముగించేది. కార్తీకం వస్తే మా ఇంట్లో ఎవరూ ఏటి వైపు వెళ్ళేవాళ్ళం కాదు. అవతల ఒక చేలో మా తాత పేరు చెప్పి శాపనార్థాలు పెడుతుంటారని తెలుసు. ఎవరైనా మీ తాత పేరేంటని అడిగితే, నేను మా అమ్మ తండ్రి పేరు చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఇక పోయిన కార్తీకం సంగతి. టోపీ పెట్టుకుని, ముందు సీట్లో కూర్చుని వెళ్ళాను. పాతికమంది ఉంటారు, అందరి కాళ్ళకూ ఖరీదైన బూట్లు, చేతుల్లో ఫోన్లు. ఏటి మీద ఇప్పుడు వంతెన కట్టారు. జొన్నచేలు లేవు, అంతా మిరప. చేను గట్టున రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి సిమెంటుతో అతికించి నిలబెట్టారు. పైన రేకుల పందిరి. గుర్రానికి తెల్లరంగు, మనిషికి పసుపు, కత్తికి వెండిరంగు. ఊళ్ళో ఆడవాళ్ళు పొంగళ్ళు పెడుతున్నారు. పందిరికి కట్టిన ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో 'శ్రీ పున్నయ్య వీరుడు' అని ఉంది.

నేను మళ్ళీ చదివాను. ఈలోపు మమ్మల్ని తెచ్చిన కుర్రవాడు జనానికి చెబుతున్నాడు, పున్నయ్య అనే ఈ వీరుడు శత్రువులకు వెన్ను చూపకుండా పోరాడి ఇక్కడే ఒరిగిపోయాడని. మా తాత. గొడవంటే తలుపులు మూసుకున్న మా తాత.

అక్కడ పెద్దరికం చేస్తున్న మంగమ్మ కోటమ్మ మనవరాలని తెలుసుకుని, పక్కకు పిలిచాను. యాభై ఏళ్ళుంటాయి. నేనెవరో చెప్పి, ఆ పేరు సంగతి ఎలా మొదలుపెట్టాలా అని నసుగుతుంటే ఆమే అందుకుంది.

"తెలుసక్కా. మా మామ్మ బతికున్నన్నాళ్ళు ఆ మాటే చెప్పింది. ఆమె పోయినాక మా అమ్మ, కూడు పెట్టేకాడ తిట్టెందుకని ఆ తిట్టు ఆపేసింది. పేరుంచింది. పేరు లేకుండా ఎట్టా పిలుస్తాం? మాకు తెలిసిన పేరు అదొక్కటే."

"కానీ ఆయన..."

"మీ వోళ్ళెవురన్నా వచ్చి ఒద్దంటారేమో అనుకున్నాం కొన్నేళ్ళు. ఎవురూ రాలేదు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, చేలో వాన పడలేదన్నట్టు చెప్పింది. "ఇప్పుడు ఊళ్ళో ఇంటికో పున్నారావు ఉన్నాడు. మా పెద్దోడు గూడా పున్నారావే. నువ్వు మాట్లాడతావంట గదా అందరి ముందర. పిల్లలుంటారు, చూసి మాట్లాడక్కా."

నన్ను రాయి పక్కన నిలబెట్టారు. ఎదురుగా నడక జనం, వాళ్ళ వెనక పొంగలి గిన్నెలతో ఊరు. మా పెదనాన్న గురించి చెప్పాను. కత్తిరించిన పేపరు గురించి, టీ పొట్లాల గురించి, కప్ప గురించి చెప్పాను. కప్ప దగ్గర అందరూ నవ్వారు. కిందిసగం గురజాల బజారులో ఒక కొట్టు ముందు దొరికిందన్నాను. ఎవరి కొట్టో చెప్పలేదు. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగాను. మంగమ్మ నా వంకే చూస్తోంది. పేరు చెరిపించిన మనిషికే పందిరి వేసి మొక్కుతున్నారని చెబితే ఆ పిల్లల ముఖాలు ఏమవుతాయో నాకు తెలుసు, ఒకప్పుడు బజారులో ఆ ముఖంతోనే నిలబడ్డాను. చెప్పకపోతే మా తాత అలాగే గుర్రం ఎక్కి ఉంటాడు, కింద పడి చచ్చిన ఆ అసలువాడు ఎవరో ఎప్పటికీ ఎవరికీ అక్కర్లేదు. ఇందులో ఏది ఎంచుకుంటే మా ఇంటికి లాభమో, ఏది నష్టమో, జీవితంలో మొదటిసారి నాకు లెక్క తేలలేదు.

"ఈ వీరుడి పేరు మీకందరికీ తెలిసిందే" అని ముగించాను.

చప్పట్లు కొట్టారు. తల ఎత్తలేకపోయాను. తిరుగు దారిలో, ఇంత వయసొచ్చినా మేడమ్‌గారికి ఎంత వినయమో చూశారా అని వెనక సీట్లో ఎవరో అంటుంటే విన్నాను.